పార్కింగు దాకా చూసిన దేశం

ఆ దేశం చాలా పెద్దది, చాలా అందమైనది. అక్కడ కప్పు టీ ధర విన్నవాడికి దాహం దానంతటదే తీరిపోతుంది. అలాంటి దేశానికి మన వంటాయన ఏడాదికి రెండుసార్ల చొప్పున ఇరవై ఏళ్ళకు పైగా వెళ్ళొచ్చాడు. వాళ్ళ వీధిలో అంత దూరం వెళ్ళినవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి, ఆ దేశం గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆయన గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. ఆయన కూడా విసుక్కోకుండా చెప్పేవాడు. జలపాతాల సంగతి చెప్పేవాడు, సరస్సుల సంగతి చెప్పేవాడు, రెండు కొండల మధ్య గడ్డకట్టి నిలబడిపోయిన మంచు నది సంగతి చెప్పేవాడు. మంచు నది దగ్గరికొచ్చేసరికి వినేవాళ్ళు చేతులు కట్టుకునేవాళ్ళు.

ఆయన చూసినవి మాత్రం పార్కింగులు.

ఇందులో మన దగ్గర దాపరికం ఏమీ లేదు. దాచింది ఆయన, అదీ ముఖ్యంగా పెళ్ళాం దగ్గర. ఎందుకు దాచాల్సొచ్చిందో చెప్పాలంటే ముందు ఆయన పని ఎలాంటిదో చెప్పాలి.

ఆయనది టూరు వంట. మనుషుల్ని గుంపుగా దేశాలు తిప్పే ఒక కంపెనీలో ఆయన వంటవాడు. డబ్బులు పోసి తిరిగే ఈ మనుషుల్లో ఒక విచిత్రం ఉంది. చూడ్డానికి పరాయి దేశం కావాలి, తినడానికి మాత్రం ఇల్లే కావాలి. అందుకని వాళ్ళ బస్సు వెనకాలే ఒక వ్యాను నడుస్తుంది. అందులో గ్యాసు, స్టవ్వులు, గుండిగలు, బియ్యం బస్తాలు, వాటి మధ్య ఇరుక్కుని వంటాయన. బస్సు చూడాల్సిన చోటికి చేరగానే జనం దిగి, టోపీలు సర్దుకుని గైడు వెనకాల బయల్దేరతారు. వాళ్ళు మలుపు తిరగ్గానే వ్యాను వెనక తలుపు తెరుచుకుంటుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. వాళ్ళు తింటుండగా టీ మరగాలి. వాళ్ళు టీ తాగుతుండగా గిన్నెలు కడగడం అయిపోవాలి, ఎందుకంటే తర్వాతి చోటికి వ్యాను బస్సుకన్నా ముందు చేరాలి. అంటే జనం చూసే వేళే వంటవాడు వండే వేళ. ఈ సంగతి కంపెనీలో ఎవరూ దుర్మార్గంతో పెట్టింది కాదు. పని అలా ఉంది, అంతే.

కాబట్టి ఆ దేశంలో ఏ పార్కింగులో గాలి ఎటునుంచి కొడుతుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఏ కుళాయిలో వేడినీళ్ళొస్తాయో, ఏ మరుగుదొడ్ల గోడ చాటున స్టవ్వు నిలుస్తుందో తెలుసు. ఎక్కడి కాపలాదారు మంట చూస్తే మీద పడి కరుస్తాడో, ఎక్కడివాడు ఒక ప్లేటు కూర పెడితే అటు తిరిగి నిలబడి ఆకాశం చూస్తాడో కూడా తెలుసు. జలపాతం అక్కణ్ణించి కూతవేటు దూరం. చప్పుడు వినిపించేది. కుక్కరు కూత ఆగినప్పుడు ఇంకొంచెం బాగా వినిపించేది.

మొదటిసారి వెళ్ళి ఇంటికొచ్చినప్పుడు పెళ్ళాం మిషను మీద కూర్చుని బడి పిల్లల యూనిఫారాలు కుడుతోంది. ఆవిడ మిషను తొక్కుతుంటే ఇంటికి చుట్టాలొచ్చినా ఆపదు, కుక్కరు మాడినా ఆపదు. ఎలా ఉంది ఆ దేశం అని అడిగింది, తొక్కుతూనే. నేనేం చూశాను, పార్కింగు చూశాను అని చెబుదామని ఆయనకి నాలిక చివరిదాకా వచ్చింది. అయితే ఆయన ఇంకా నోరు తెరవకముందే ఆవిడ కాళ్ళు ఆగాయి. మిషను ఆగింది. ఇటు తిరిగి కూర్చుంది. అంత మర్యాద ఆయనకి ఆ ఇంట్లో అంతకుముందు జరగలేదు. అలా తిరిగి కూర్చున్న మనిషికి పార్కింగు సంగతి ఎలా చెబుతాడు? ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డ ఒక పెన్షనరమ్మ ఎవరితోనో అన్న మాట గుర్తొచ్చింది. అదే చెప్పేశాడు. "ఆ నీళ్ళ చప్పుడు చెవుల్లో కాదే, ఛాతీలో వినిపిస్తుంది" అన్నాడు. ఆవిడ "అబ్బ" అంది. ఆ ఒక్క అబ్బతో ఆయన పనైపోయింది.

అప్పట్నించీ ప్రతి ట్రిప్పులో ఆయనకి రెండు పనులు. ఒకటి వడ్డించడం, రెండు వినడం. ఇందులో ఒక కిటుకుంది. ప్లేటు చేతికొచ్చిన మొదటి కాసేపే జనం చూసొచ్చినదాని గురించి మాట్లాడతారు. ముద్ద నోట్లోకి వెళ్ళాక ఉప్పు గురించి మాట్లాడతారు. అందుకని ఆయన అన్నం కొంచెం నిదానంగా వడ్డించేవాడు. ఒకాయన కొండ ఎత్తు చెప్పేవాడు, ఒక కొత్త పెళ్ళికూతురు ఇంద్రధనుస్సు చెప్పేది, ఇంకొకాయన ఏమీ చెప్పకుండా కళ్ళు తుడుచుకునేవాడు. అన్నీ మూటగట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. వచ్చిన చిక్కల్లా ఏంటంటే, ఏ మాట ఏ పార్కింగులో విన్నాడో కొన్నాళ్ళకి కలగాపులగమైపోయింది. ఈ కొండకి ఆ జలపాతం, ఆ సరస్సుకి ఈ గుహ అతుక్కున్నాయి. అడిగేవాళ్ళెవరున్నారు గనక?

అడిగేవాళ్ళు లేకపోగా, ఆవిడ వాటిని వీధంతా పంచింది. బట్టలు కుట్టించుకోవడానికి కొలతలిచ్చేవాళ్ళు కొలతలతోపాటు ఒక జలపాతం విని వెళ్ళేవాళ్ళు. ఆవిడకి 'విదేశాలావిడ' అని పేరే పడిపోయింది. ఇల్లు దాటి పక్క ఊరికి కూడా సరిగ్గా వెళ్ళని మనిషికి ఆ పేరు. ఆవిడ ఆ పేరుకి మురిసిపోయేది, పైకి మాత్రం ఏంటీ వెక్కిరింత అనేది.

ఇలా రోజులు కడుపులో చల్ల కదలకుండా వెళ్ళిపోతుంటే వంటాయనకి మోకాలు పట్టేసింది. గుండిగ పట్టుకుని వ్యాను ఎక్కలేని వంటవాణ్ణి కంపెనీ ఏం చేసుకుంటుంది? యజమాని మంచివాడే. ఇన్నాళ్ళు చేశావు, మీ దంపతులిద్దరికీ ఒక ట్రిప్పులో సీట్లిస్తాను, ఈసారి గరిటె ముట్టకుండా వెళ్ళిరండి అన్నాడు. వంటాయన ఆ కబురు మోసుకుని ఇంటికొచ్చాడు. మనసులో ఒక ధైర్యం, గుంపుతో వెళితే గైడుంటాడు, గైడు వెనకాల నడిస్తే ఎవడికీ ఏమీ తెలియదు.

ఆవిడ వద్దంది. "గుంపులో వెళితే మీ చెయ్యి ఊరుకోదు. పోయి ఆ వ్యాన్లో దూరతారు. నేను ముక్కూ మొహం తెలీనివాళ్ళతో నడవాలి. మనిద్దరమే వెళదాం. అక్కడ మీకు తెలియనిదేముంది? మీరే చూపిద్దురుగాని" అంది.

ఆయన సాకులు వెతకడం మొదలుపెట్టాడు.

మోకాలు నొప్పి అన్నాడు. నిదానంగా నడుద్దాం అంది. చలి అన్నాడు. స్వెట్టర్లు అల్లేసింది. ఖర్చు అన్నాడు, అది నిజమైన మాటే కూడా. ఆవిడ ఇన్నేళ్ళ కుట్టుకూలి తెచ్చి బల్లమీద పెట్టి, ఇది దేనికి దాచాననుకున్నారు అంది. ఇక కూతురు ఫోను పట్టుకుని కూర్చుంది. విమానం, ఊళ్ళ మధ్య తిరిగే బస్సులు, వంటగది ఉన్న చవక గదులు, అంటే ఆ దేశం లెక్కలో చవక గదులు, అన్నీ ఒక పూటలో కుదిర్చేసింది. గైడునెవరినైనా మాట్లాడనా అని అడిగితే తల్లి నవ్వి, మీ నాన్న ఉండగా గైడెందుకే అంది. కూతురు నాలిక్కరుచుకుంది.

ఆయన భయం ఏంటో ఇక్కడే చెప్పుకోవాలి. తిడుతుందని కాదు. తిట్లు ఆయనకి కొత్త కాదు, కంపెనీలో అన్నం మెత్తబడ్డ రోజున తినగలిగినన్ని తిన్నాడు. ఇంట్లో ఆయనకున్న విలువంతా ఆ దేశమే. ఆస్తి లేదు, చదువు లేదు, గట్టిగా మాట్లాడే గొంతు కూడా లేదు. లోకం చూసిన మనిషి అని ఆవిడ ఒక్కతీ నమ్మింది. ఇన్నేళ్ళు పార్కింగులో నిలబడొచ్చాడని తెలిస్తే ఆవిడ ఏమీ అనదు. మళ్ళీ అటు తిరిగి మిషను తొక్కుకుంటుంది. ఇకమీదట ఆయన ఏం చెప్పినా తొక్కుతూనే వింటుంది. అదీ ఆయన భయం.

సరే, వెళ్ళారు.

దిగిన మొదటి రోజంతా ఆయన రాజులా ఉన్నాడు. బియ్యం, చిన్న కుక్కరు, పొడులు అన్నీ సంచిలో ఉన్నాయి. గదుల్లో అందరికీ కలిపి ఉన్న వంటగదిలో ఏ పొయ్యి సన్నగా మండుతుందో ఒక్క చూపులో కనిపెట్టాడు. ఆవిడ బయట హోటలు ముందు బోర్డు చదివి, కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుని, మీరు వండిందే తిందాం అంది. పక్క పొయ్యి దగ్గర రొట్టెముక్క కాల్చుకుంటున్న ఒక కుర్ర జంట ఈయన కూర వాసనకి రొట్టె మాడబెట్టుకున్నారు. ఆవిడ వాళ్ళకి కాస్త పెట్టి, మా ఆయనకి ఈ దేశమంతా కొట్టిన పిండి అని సైగలతో చెప్పింది. వాళ్ళు గౌరవంగా తలలూపారు. ఆయన గిన్నె కడగడానికి అటు తిరిగాడు.

మర్నాడు జలపాతం. బస్సు పార్కింగులో దింపగానే కాపలాదారు గుడిసెలోంచి బయటికొచ్చి, ఈయన్ని చూసి, రెండు చేతులూ చాచి, వాటేసుకున్నంత పని చేశాడు. పొట్ట నిమురుకుంటూ ఏదో అన్నాడు. వ్యాను ఎక్కడని కాబోలు అటూ ఇటూ చూశాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. పరాయి దేశంలో ప్రభుత్వోద్యోగి మా ఆయన్ని గుర్తుపట్టాడని ఆ రాత్రి కూతురికి ఫోన్లో చెప్పడానికి అప్పుడే మాటలు కూర్చుకుంది. వంటాయన ఆవిడని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి సీసా నింపిపెట్టాడు. మరుగుదొడ్డి చూపించాడు. అక్కడితో ఆయనకి తెలిసిన జలపాతం అయిపోయింది.

అక్కణ్ణించి రెండు దారులున్నాయి. ఆయన కుడివైపుది ఎంచుకున్నాడు, వెడల్పుగా ఉందని. అది నేరుగా చెత్త డబ్బాల వెనక్కి, అక్కణ్ణించి పెద్ద పంపులున్న గదికి వెళ్ళింది. ఆవిడ పంపుల గది వైపు కాసేపు భక్తిగా చూసింది. తర్వాత ఇదేనా అని అడిగింది. ఇది దగ్గర దారి, ఈమధ్య మూసేసినట్టున్నారు అన్నాడాయన. వెనక్కొచ్చి, కెమెరాలు మెళ్ళో వేసుకున్న నలుగుర్ని ముందుకి వెళ్ళనిచ్చి, చెప్పులో రాయి దూరినట్టు కాసేపు వంగి, వాళ్ళ వెనకాల పడ్డాడు. గైడుగా ఆయన చేసిన మొదటి తెలివైన పని అదే.

జలపాతం వచ్చింది. పెద్దదే. నిజంగా పెద్దది. ఆవిడ కమ్మీ పట్టుకుని నోరు తెరుచుకుని చూసింది. ఆయన ఆవిడ మొహం చూశాడు. కనుబొమ్మ కదిలిందా, ఏమైనా తేడా వచ్చిందా అని చూశాడు. జలపాతానికి మొహం పెట్టుకుని నిలబడ్డాడే గాని జలపాతాన్ని చూడలేదు. దాని ఎదురుగా నిలబడి కూడా చూడలేకపోయాడంటే ఏమనాలో నాకు తెలియదు.

"మీరు చెప్పిన ఏనుగు తొండంలా ఉండే రాయి ఏదండీ?" అని అడిగిందావిడ.

అది ఇక్కడిది కాదని ఆయనకి అప్పుడే తట్టింది. ఎక్కడిదో మాత్రం తట్టలేదు. పడిపోయినట్టుంది, వరదలొచ్చాయిగా అన్నాడు. అంత పెద్ద రాయా అంది ఆవిడ. పెద్దవే ముందు పడతాయి అన్నాడు. ఆవిడ ఆ మాటకి కాసేపు ఆలోచించి, తలూపింది.

తర్వాత ఊరు, తర్వాత బస్సు, మళ్ళీ ఊరు. ఆ దేశంలో ఒకచోటినుంచి ఇంకోచోటికి పోవాలంటే పొద్దున ఎక్కితే పొద్దు వాలేదాకా బస్సే. కిటికీలో గడ్డి, గొర్రెలు, కొండలు, మళ్ళీ గడ్డి. మనిషి కనిపిస్తే బస్సులో అందరూ తలతిప్పి చూసేవాళ్ళు. ఆవిడకి విసుగు రాలేదు. కిటికీకి నుదురు ఆనించి, ఎంత ఖాళీ చూడండీ అంటూ కూర్చుంది. ఒకసారి ఉన్నట్టుండి ఇటు తిరిగి, "చిత్రంగా ఉంది. ఎక్కడ దిగినా కుళాయి ఎక్కడుందో మీకు ఇట్టే తెలుస్తుంది" అంది. మెచ్చుకోలుగానే అంది. ఆయన నిద్రొస్తోందని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతున్న మనిషి అంత గట్టిగా కళ్ళు మూసుకోడు, ఆవిడ చూసిందో లేదో తెలియదు.

సరస్సు దగ్గర ఇంకా అన్యాయమైపోయింది. కొండకెదురుగా నిలబడి పిలిస్తే కొండ రెండుసార్లు పలుకుతుందని ఆయన చెప్పి ఉన్నాడు. వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. ఆవిడ ఒడ్డుకి వెళ్ళింది. అటూ ఇటూ చూసింది. పైట సర్దుకుంది. ఎవరి పేరు పెట్టి పిలవాలో తోచలేదు కాబోలు, ఎదురుగా కొండవైపు తిరిగి "ఏవండీ" అని గట్టిగా పిలిచింది.

కొండ పలకలేదు. వెనకాల నిలబడ్డ ఆయన "ఆఁ, ఏంటి" అన్నాడు.

మిమ్మల్ని కాదు, కొండని అంది ఆవిడ. మళ్ళీ పిలిచింది. ఈసారి ఆయన కూడా పలకలేదు. పడవలద్దెకిచ్చే మనిషి లేచి నిలబడి, ఏమైనా సాయం కావాలా అన్నట్టు చెయ్యూపాడు. ఆవిడకి సిగ్గేసింది. కొంగుతో మూతి తుడుచుకుని, గాలి ఎక్కువగా ఉందేమో అంది, ఆయన అబద్ధాన్ని తనే ఆడేసి. అప్పుడు వంటాయనకి తనమీద తనకి అసహ్యం పుట్టింది. చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచి, ఆకలేస్తోందా అని అడిగాడు.

ఆఖరుగా మంచు నది. అక్కడికి వెళ్ళే ముందు రోజు ఆవిడ, ఇది చూస్తే నాకింకేం అక్కర్లేదండీ అంది. ఎందుకంటే అన్నిట్లోకీ ఆయన బాగా చెప్పింది అదే. తెల్లటి గోడలా ఉంటుందని, గోడలో నీలం గుహ ఉంటుందని, లోపల వేలితో తడితే వీణలా మోగుతుందని. ఇది ఆయనకి ఎవరు చెప్పారో, కొంతైనా ఆయనే కలిపాడో, ఆయనకే తెలియదు.

పార్కింగులో దిగేసరికి గాలి మనుషుల్ని తోసేస్తోంది. చివర్న ఇంకో కంపెనీ వ్యాను ఆగి ఉంది. వెనక తలుపు తీసి ఉంది. దాని ముందు ఒక బక్కాయన స్టవ్వు మీద చేతులడ్డం పెట్టి ఊదుతున్నాడో, ఏడుస్తున్నాడో తెలియకుండా ఉన్నాడు. ఒకప్పుడు మన వంటాయన దగ్గర కూరగాయలు తరిగి పని నేర్చుకున్న మనిషే. తలెత్తి చూసి, గురువుగారూ, దేవుడిలా వచ్చారు, మంట నిలవడం లేదు, గుంపు ఇంకాసేపట్లో పైకెళ్ళి వచ్చేస్తుంది అన్నాడు. గుంపులో సగంమంది వ్యాను పక్కనే టీ తాగుతూ ఉన్నారు. వాళ్ళు కూడా ఆశగా చూశారు.

వంటాయనకి ప్రాణం లేచొచ్చింది. వ్యానుని మరుగుదొడ్ల గోడకి అడ్డంగా పెట్టించాడు. స్టవ్వు చుట్టూ బియ్యం బస్తాలు పేర్పించాడు. గరిటె చేతిలోకి తీసుకున్నాడు. టీ తాగేవాళ్ళు, హమ్మయ్య, అసలు వంటవాడొచ్చాడు అనుకుని గైడు వెనకాల బయల్దేరారు. మంట నిలబడింది. ఎసరు కాగింది. ఇన్ని రోజుల తర్వాత ఆయనకి ఆ దేశంలో కాలు నేలమీద ఆనింది.

ఆవిడ రెండు టిక్కెట్లు పట్టుకుని గాలికి కొంగు లాక్కుంటూ నిలబడింది.

"నువ్వు వాళ్ళతో వెళ్ళిరా. వీడికి అన్నం వార్చిపెట్టి వస్తా. నేను చూడందా ఏంటి, ఎన్నిసార్లో" అన్నాడు, ఎసర్లోకి చూస్తూ.

ఆవిడ సరేనంది. వెళ్ళింది. మలుపుదాకా వెళ్ళింది. ఆయన బియ్యం పోసి మూత పెడుతుండగా మళ్ళీ పక్కన నిలబడి ఉంది.

"నేను మంచు చూడ్డానికి రాలేదండీ. మీతో చూడ్డానికొచ్చా. మీరు రాకపోతే నేనూ ఇక్కడే కూర్చుంటా" అంది. కోపంగా అనలేదు. కూర్చోడానికి ఒక బియ్యం బస్తా కూడా చూసుకుంది.

మన వంటాయన జీవితంలో ఉడుకుతున్న అన్నాన్ని వదిలి ఎప్పుడూ వెళ్ళలేదు. తండ్రి పోయిన కబురొచ్చిన రోజున కూడా వార్చి, వడ్డించి, అప్పుడు ఏడ్చాడు. కాసేపు గుండిగనీ, ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. ఆవిడని పార్కింగులోనే కూర్చోబెట్టి వెనక్కి తీసుకెళితే తను ఇన్నేళ్ళు చేసింది ఆవిడ చేత కూడా చేయించినట్టవుతుంది. ఆ ఆలోచన ఆయనకి ఇంత స్పష్టంగా రాలేదు, ఏదో గుచ్చుకున్నట్టు వచ్చింది. గరిటె బక్కాయన చేతిలో పెట్టి, పలుకు చూసి దించు, మెత్తబడనివ్వకు అని చెప్పి బయల్దేరాడు.

దారి ఎక్కుడు. మోకాలు ప్రతి అడుగుకీ గుర్తుచేస్తోంది. ఆవిడ చెయ్యిచ్చింది. ఆయన గుహ గురించి ఏం చెప్పాలో కూర్చుకుంటున్నాడు, కరిగిపోయిందనాలా, కూలిపోయిందనాలా, ఈసారి ఏ వరద మీద పెట్టాలా అని. ఆఖరి మలుపు తిరిగారు.

తెల్లగా లేదు. గోడా కాదు. ఒక కొండంత నీలం ముద్ద, అంచుల్లో మట్టి కొట్టుకుని, పగుళ్ళు పగుళ్ళుగా, లోయ నిండా కూర్చుని ఉంది. ఎక్కడో లోపల పెద్ద తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడొచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ప్లేట్లు పట్టుకుని వరసల్లో నిలబడ్డ ఏ ఒక్కరూ ఇది చెప్పలేదు. అంతమంది అన్ని మాటలు చెప్పారే, ఈ చప్పుడు గురించి చెప్పలేదు, చప్పుడు తర్వాత ఇలా ఉంటుందని చెప్పలేదు. వంటాయన నిలబడిపోయాడు. ఆవిడ మొహం చూడాలన్న సంగతే మర్చిపోయాడు.

"మీరు చెప్పిన గుహ ఏదండీ?"

ఆయనకి వినపడలేదు. ఆవిడ మోచెయ్యి పట్టుకుని మళ్ళీ అడిగింది.

"ఏమోనే. నేనూ ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు.

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. తెలిశాక వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేదు. అక్కడొక బెంచీ ఉంటే దానిమీద కూలబడ్డాడు.

ఆవిడ ఎదురుగా నిలబడింది. జలపాతం అని అడిగింది. మొన్న నీతోనే అన్నాడు. సరస్సు అంది. అదీ అంతే అన్నాడు. మరి ఇన్నేళ్ళూ చెప్పినవన్నీ అంది. వాళ్ళూ వీళ్ళూ తింటూ అనుకున్నవి అన్నాడు. పార్కింగు సంగతి, అన్నం వేళ సంగతి, అంతా తలొంచుకుని చెప్పేశాడు. చెప్పడం అయిపోయాక ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ అటు తిరిగి వెళ్ళిపోతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇన్నేళ్ళలో" అంది, "ఒక్కరైనా, నువ్వూ రావయ్యా, చూద్దువుగాని అన్నారా?"

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పే ఉద్దేశం లేదు కాబట్టి నిజంగానే ఒక్కో గుంపునీ గుర్తుచేసుకున్నాడు. మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకాయన స్వెట్టరిచ్చాడు. ఒకావిడ మీ చేతిలో అమృతం ఉందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గుండిగతో సహా ఫోటో తీసుకున్నవాళ్ళున్నారు. రమ్మన్నవాళ్ళని వెతికాడు. ఎంత వెనక్కి వెళ్ళినా ఒక్క మొహం దొరకలేదు. అసలు ఆ ప్రశ్న తనకి ఎప్పుడూ రాలేదని కూడా అప్పుడే తెలిసింది.

"లేదే" అన్నాడు. వాళ్ళని వెనకేసుకు రావాలనిపించి, "అన్నం పొయ్యి మీద ఉండేది కదా" అన్నాడు.

ఆవిడకి కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఎవరిమీదో ఆవిడకి కూడా తెలియదు, వాళ్ళ పేర్లు తెలియవు, మొహాలు తెలియవు, ఇరవై ఏళ్ళ గుంపులు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన అలవాటుకొద్దీ, ఆకలేస్తోందా అని మళ్ళీ అడగబోయి ఆగిపోయాడు.

ఇంతలో పైన చూసొచ్చిన గుంపు ఫోటోలు దిగుతూ, దుమ్ము దులుపుకుంటూ వెనక్కి తిరిగింది. ముందు నడుస్తున్న పెద్దమనిషి బెంచీ దగ్గర ఆగాడు. ఇందాక కింద గరిటె పట్టుకున్న మనిషిని గుర్తుపట్టాడు.

"ఏమయ్యా, నువ్విక్కడున్నావ్? వంట అయిపోయిందా?" అన్నాడు. కసిరినట్టు కాదు, నవ్వుతూనే అన్నాడు.

వంటాయన అప్పటికే సగం లేచాడు. ఆవిడ ఆయన స్వెట్టరు పట్టుకుని కిందికి లాగింది.

"ఆయన చూస్తున్నారు" అంది. "మీరు వెళ్ళి ఆగండి."

పెద్దమనిషి ఇద్దర్నీ చూశాడు, దిగిపోయాడు. గుంపంతా ఆయన వెనకాల దిగిపోయింది. వంటాయన మంచువైపు తిరిగి కూర్చున్నాడు.